వెన్నెముకకు పాకిన క్యాన్సర్ – నొప్పిని తగ్గించే రేడియోథెరపీ

రేడియేషన్ అనగానే క్యాన్సర్ కణితిని నిర్మూలించే చికిత్స మీకు గుర్తుకు వస్తుంది. అయితే వ్యాధి పూర్తిగా నయం కాదని తెలిసిన తరువాత కూడా వైద్యులు రేడియేషన్ ఇస్తారు. ఎందుకు? రోగి బాధను తగ్గించడానికి. దీనినే ఉపశమన రేడియోథెరపీ అంటారు.

నొప్పి ఎందుకు వస్తుంది?

రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, థైరాయిడ్ – ఈ భాగాల క్యాన్సర్లు తరచుగా ఎముకలకు పాకుతాయి. ఎముకలలో ఎక్కువగా దెబ్బతినేది వెన్నెముక. వెన్నుపూసల చుట్టూ సిరలు వలలాగా అల్లుకొని ఉంటాయి. ఈ సిరలలో కవాటాలు లేనందువల్ల రక్తం ఇరువైపులా ప్రవహించగలదు. దానితోపాటు క్యాన్సర్ కణాలూ వెన్నుపూసలను చేరగలవు. ఈ మార్గాన్ని 1940లో బాట్సన్ వివరించాడు.

ఎముక నిత్యం కరుగుతూ, తిరిగి నిర్మాణమవుతూ ఉంటుంది. కరిగించే పని ఆస్టియోక్లాస్టులనే కణాలది. క్యాన్సర్ కణాలు వీటిని రెచ్చగొడతాయి. ఎముక గుల్లబారి, అక్కడి నాడులు ప్రేరేపితమవుతాయి. అందుకే ఈ నొప్పి విశ్రాంతి తీసుకున్నా తగ్గదు. రాత్రివేళ మరింత బాధిస్తుంది.

కిరణాలు ఏం చేస్తాయి?

లీనియర్ యాక్సిలరేటర్ నుండి ఎక్స్ కిరణాలను, లేదా కోబాల్ట్-60 యంత్రం నుండి గామా కిరణాలను నొప్పి ఉన్న వెన్నుపూసలపైకి పంపుతారు. ఇవి క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఎముకను కరిగించే చర్యనూ తగ్గిస్తాయి.

కిరణాల మోతాదుకు ప్రమాణం గ్రే. కిలోగ్రాము కణజాలం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. 8 గ్రేల శక్తి కిలోగ్రాము నీటిని డిగ్రీలో 500వ వంతు మాత్రమే వేడిచేయగలదు! అంటే ఇక్కడ పనిచేసేది వేడిమి కాదు, డీఎన్ఏకు జరిగే హాని.

ఎన్నిసార్లు ఇవ్వాలి?

10 విడతల్లో 30 గ్రేలు ఇవ్వవచ్చు. ఒకేసారి 8 గ్రేలు ఇవ్వవచ్చు. రెండింటిలోనూ నొప్పి తగ్గేవారి సంఖ్య దాదాపు సమానమని పరిశోధనలు తేల్చాయి. ప్రతి 10 మందిలో సుమారు ఆరుగురికి ఉపశమనం కలుగుతుంది. అయితే ఒకేసారి తీసుకున్నవారిలో సుమారు 20 శాతం మందికి, విడతలుగా తీసుకున్నవారిలో 8 శాతం మందికి మళ్లీ చికిత్స చేయవలసి వచ్చింది. అయినా దూర ప్రాంతం నుండి నొప్పితో ప్రయాణం చేసి వచ్చే రోగికి ఒక్కరోజుతో ముగిసే చికిత్స ఎంత మేలో మీరే ఊహించండి.

చికిత్స జరిగేటప్పుడు నొప్పి ఉండదు. రోగి శరీరంలో రేడియేషన్ మిగలదు. కనుక ఇంట్లోని పిల్లలు ఆయన పక్కన నిర్భయంగా కూర్చోవచ్చు. మొదటి కొద్ది రోజులు నొప్పి కొంత పెరగవచ్చు. పూర్తి ఫలితం కనిపించడానికి నాలుగు వారాల వరకు పట్టవచ్చు. అందువల్ల మార్ఫిన్ వంటి మందులను డాక్టరు చెప్పకుండా మానకూడదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

క్యాన్సర్ రోగికి కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాలపై అదుపు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతున్నదని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నడక పూర్తిగా పోయిన తరువాత తిరిగి రావడం కష్టం. నడవగలుగుతున్నప్పుడే చికిత్స మొదలైతే ఆ నడకను నిలపవచ్చు.

నయం చేయలేని వ్యాధికి చేయగలిగిందేమీ లేదనుకోవడం పొరపాటు. హాయిగా నిద్రపోవడం, తన పనులు తాను చేసుకోగలగడం కూడా వైద్యం సాధించే ఫలితాలే.