తెగులు ఒకటే, తెగలు వేరు



ఒక వానాకాలంలో ఒక పెద్దాయన నన్ను గట్టు మీదే నిలదీశారు. "ఏం బాబూ, ఎండాకు తెగులును తట్టుకుంటుందంటేనే గదా ఈ వంగడం వేశాను! పక్క ఊళ్లో ఇదే వంగడం పచ్చగా ఉంది. నా మడిలో ఆకులు కొసల నుంచి ఎండుతున్నాయి. విత్తనం కల్తీదా, మీ మాట కల్తీదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

ముందు తెగులు అదేనా అని చూచుకోవాలి. ఎండుతున్న ఆకును కోసి, కోసిన చివరను గాజుగ్లాసులోని తేటనీటిలో ఉంచితే, కొద్ది నిమిషాలకు తెల్లని ద్రవం దారంలాగ దిగుతుంది. తెగులు తెచ్చే బాక్టీరియాలు అందులోనే ఉంటాయి. ఆ పెద్దాయన ఆకు అట్లాగే కారింది.

పూర్వం కరణాలు అడంగలుకు నకలు రాసేటప్పుడు ఒక అంకె జారితే ఒకరి చెక్క మరొకరి పేర పడేది. బాక్టీరియా రెండుగా చీలినప్పుడల్లా సుమారు 50 లక్షల అక్షరాల తన జన్యులిపికి నకలు తీస్తుంది. అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పుతుంది. చోటు మార్చి గెంతే ముక్కలు కూడా ఆ లిపిలో ఎన్నో ఉన్నాయి. ఇట్లా ఒకే తెగులులో వేరువేరు తెగలు పుడతాయి. వంగడం ఒక తెగను తట్టుకున్నా, మరొక తెగకు లొంగవచ్చు.

ఏ తెగ ఏదో ఎట్లా తెలుస్తుంది? శాస్త్రజ్ఞులు ఒక్కొక్క నిరోధక జన్యువే ఉన్న వరి వరుసలను పెంచి, బాక్టీరియా కలిపిన నీటిలో ముంచిన కత్తెరతో ఆకు కొసలు కత్తిరిస్తారు. సుమారు 14 రోజులకు ఎండిన మేర కొలుస్తారు. ఏ వరుస నిలిచింది, ఏది లొంగింది అన్నదే తెగకు గుర్తు. డి.ఎన్.ఏ. వేలిముద్రలు కూడా తీస్తారు. కాని గెంతే ముక్క చోటు మారితే, తెగులు శక్తి మారకున్నా వేలిముద్ర మారవచ్చు. వేలిముద్రకు అందని చిన్న మార్పే వంగడాన్ని ఓడించనూవచ్చు. కనుక రెండు పరీక్షలూ కావలెను. ఒకసారి తేల్చిన లెక్క కలకాలం చెల్లదు.

అందుకే హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి సాంబ మసూరిలో మూడు నిరోధక జన్యువులు చేర్చాయి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలయింది. మూడు తాళాలనూ తీయగల తెగ పుట్టడం అరుదు. అసాధ్యం మాత్రం కాదు.

కాబట్టి తట్టుకునే వంగడంలో తెగులు కనబడితే దాచకండి. తడిలేని ఆకులను కాగితంలో చుట్టి, వంగడం పేరు, ఊరి పేరు రాసి మీ వ్యవసాయాధికారికి అందించండి. యూరియా వేయడం ఆపండి. ఆ మడి నీరు పక్క మడికి పారనీయకండి. పెద్దాయన ఆకులను నేనూ అట్లాగే పంపాను. ఆయన అడిగినదానికి జవాబు నా నోట కాదు, ఆ ఆకుల్లోనే ఉంది.