రాసిన కాగితం సూట్‌కేసు అడుగునే ఉండాలా?

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయిపోగానే గుదైబియా గల్లీల్లో మనవాళ్ళ సందడి మొదలవుతుంది. కూరగాయలు కొనేవాళ్ళు, ఇంటికి డబ్బు పంపేవాళ్ళు, అందలూస్ గార్డెన్‌లో కూర్చుని ఊరి ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళు. ఆ ముచ్చట్లు వింటే ఒక్కొక్కటి ఒక కథ. రాయమంటే మాత్రం "మనం రాస్తే ఎవరు చదువుతరన్నా, నేను పదోది ఫెయిలు" అని నవ్వేస్తారు.

నేనూ అంతే. ఆఫీసులో టైమ్‌షీట్లు, లీవు ఫారాలు నింపే గుమాస్తాను, చదివింది ఇంటర్. నా మొదటి వ్యాసం నాలుగు నెలలు సూట్‌కేసులో బట్టల కింద ఉంది. తీసినప్పుడల్లా ఒక అక్షరం దిద్దడం, మళ్ళీ లోపల పెట్టడం. తప్పులకు భయపడుతున్నాననుకున్నాను. నిజానికి భయం నవ్వేవాళ్ళ గురించి.

పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆయన లెక్చరరు కదా అంటారేమో. సరే, మన బహ్రెయిన్ సంగతే చూద్దాం. మలయాళ రచయిత బెన్యామిన్ 1992లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, 2013 దాకా ఉన్నాడు. సౌదీ ఎడారిలో మేకల మధ్య చిక్కుకున్న ఒక కూలీ కష్టాన్ని విని 'ఆడుజీవితం' నవల రాశాడు. 2008లో అచ్చయింది, వందకు పైగా ముద్రణలు పొందింది, 2024లో సినిమాగా తెలుగులోనూ వచ్చింది. చూసి మన క్యాంపుల్లో కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఎందరో. అలాంటి కథలు మనవాళ్ళ దగ్గర లేవా?

పంపే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. కాగితానికి ఒకవైపే, అర్థమయ్యేటట్టు రాయండి. ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, పోతే మళ్ళీ దొరకదు. మన ఊరి వారపత్రికలకు పంపితే, ఇది నా సొంత రచన, వేరే ఎక్కడికీ పంపలేదు అని హామీపత్రం జతచేయాలి. సి.పి.ఆర్. నంబరు, కంపెనీ పేరు కథలో రాయకండి. చెయ్యి తిరగనివాళ్ళు చెబితే పక్క బెడ్డు తమ్ముడు రాస్తాడు.

అసలు కష్టం వేరే చోట ఉంది. మా క్యాంపులో ఒక షట్టరింగ్ కార్పెంటరు అన్న ఉన్నాడు, జగిత్యాల వైపు మనిషి. ఒకరోజు నోటుబుక్కులోంచి చింపిన రెండు కాగితాలు తెచ్చి "తప్పులు దిద్దు తమ్మీ" అన్నాడు. రెండేళ్ళ కింద వాళ్ళ బాపు పోయిండు. అన్న పోలేదు. కంపెనీ సెలవు ఇయ్యలేదని ఇంటికి చెప్పిండు. కాగితంలో రాసింది ఏమిటంటే, ఆయన సెలవు అడగనే లేదు. టికెట్టు పైసలు లెక్క చూసుకుని, బాకీ మిత్తి లెక్క చూసుకుని, పొద్దున బస్సెక్కి పనికి పోయిండు. బాపు ఫోన్ చేసినప్పుడల్లా "ఎండ ఎట్లున్నది బిడ్డా" అని అడిగేవాడట. అదీ రాశాడు.

తప్పులు చాలా ఉన్నాయి. నాకు దిద్ద బుద్ధి కాలేదు.

"పంపుదాం అన్నా."

"పంపితే ఫోటో వాట్సాప్‌ల ఊరికి పోతది. మా అమ్మ ఇన్నొద్దులు కంపెనీని తిట్టింది. ఇగ నన్ను తిడతది."

"పేరు మార్చుదాం."

"ఎండ ముచ్చట చదివితే అమ్మ గుర్తుపట్టదా?"

నా దగ్గర జవాబు లేదు. ఎడిటరు వద్దంటే ఒక్కరోజు బాధ. ఇది అట్లాంటిది కాదు. బలవంతం చేయలేదు.

మొన్న శుక్రవారం ఆయనే బెడ్డు మీద కూర్చుని ఇంటికి ఫోన్ కలిపిండు. ఆ రెండు కాగితాలు అమ్మకు చదివి వినిపించిండు. రూములో ఎవరో టీవీ సౌండు తగ్గించారు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "టికెట్టుకు ఎంతయితుండె?" అని అడిగింది. చెప్పిండు.

"ఆ పైసలు ఏంజేసినవ్?"

"బాకీ కట్టిన అమ్మా."

"గది గూడ రాయి."

రాత్రికి ఇంకో మూడు లైన్లు రాసి కాగితాలు నాకిచ్చిండు. కవరు మీద అడ్రసు నాతోనే రాయించిండు. పేరు ఏం వేయాలి అన్నా అంటే, అసలు పేరే వేయమన్నాడు.