కంకర దారికి తగిన సైకిలు టైరు

సంతబొమ్మాళి పరిసర గ్రామములనుండి మన పాఠశాలకు సైకిలుపై వచ్చు విద్యార్థులు పెక్కండ్రు గలరు. వారి దారి ఒక్క తీరుగా నుండదు. తారురోడ్డు విడిచినంతనే కంకర; నౌపడ ఉప్పుమళ్ల గట్లపై ఎండకు బిగిసి వానకు జారు బంకమన్ను; భావనపాడు వైపున కొబ్బరి, జీడి తోటల నడుమ ఇసుక.

గడచిన వర్షాకాలమున మా తరగతి బాలుడొకడు చెల్లెలిని వెనుక నెక్కించుకొని వచ్చుచు కంకర మలుపున జారిపడెను. బాలిక మోచేయి విరిగినది. తండ్రి వచ్చి, "టైర్లు క్రొత్తవి, గాలి గట్టిగా కొట్టించి పంపితిని గదా మాస్టారూ, ఎట్లు జారెను?" అని యడిగెను. ఆ గట్టితనమే కారణమని చెప్పుటకు ఆ దినమున మాకు నోరు రాలేదు. కావున నిచట వ్రాయుచున్నాము.

చక్రముపై నున్న బరువును గాలి ఒత్తిడిచే భాగించిన, టైరు నేలను తాకు చోటు ఇంచుమించుగా తెలియును. బరువు 90 పౌనులనుకొందము. చదరపు అంగుళమునకు 60 పౌనుల గాలియున్నచో తాకు చోటు 1½ చదరపు అంగుళములు. 45 పౌనులైన 2. కదలు రాళ్లపై ఈ కొద్ది భేదమే పట్టు.

గట్టి టైరు వడిగా పోవునని పిల్లల నమ్మకము. నున్నని తారుపై నది కొంతవరకు నిజమే. కంకరపై నట్లు గాదు. గట్టి చక్రము ప్రతి రాతికిని ఎగిరి సైకిలును, మనిషిని పైకెత్తును. ముందుకు పోవలసిన కాలి బలము ఆ యెత్తుటలో వ్యయమగును. మెత్తని టైరు రాతిని తనలో నిముడ్చుకొని దాటును. 1887లో బెల్‌ఫాస్టు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైరు కట్టుటలోని మేలు ఇదియే.

మన నల్లసైకిళ్ల టైరు వెడల్పు 1½ అంగుళము, అనగా సుమారు 38 మిల్లీమీటర్లు. కంకరకు నది చాలును. ఇసుక దారివారికి 45, 50 మేలు. సన్ననిది ఇసుకను కోసికొని దిగిపోవును. అయితే ఫోర్కునకును టైరునకును నడుమ వ్రేలు దూరునంత సందు ఉండవలెను, లేనిచో బంకమన్ను ఇరుకును. 28 అంగుళములని వ్రాసిన టైర్లన్నియు ఒకే రిమ్మునకు పట్టవు. ప్రక్కన ముద్రించిన 622, 635 అను అంకెలను సరిచూడుడు. నడుమ నున్నగాను, అంచుల చిన్న గుబ్బలతోను ఉన్న టైరు రెండు దారులకును తగును. పెద్ద గుబ్బలు తారుపై వంగుచు వడిని తినును. తడిసిన ఉప్పుగట్టుపై మాత్రము ఏ టైరునకును పట్టు లేదు, దిగి నడువవలెను.

వెనుక చక్రము జారిన సర్దుకొనవచ్చును, ముందుది జారిన పడుటయే. మన వారు క్రొత్త టైరును వెనుక వేయించి, అరిగినదానిని ముందు నుంతురు; ఇది తలక్రిందుల పని. ముందు బరువు తక్కువ గనుక గాలియు తక్కువ చాలును. వెనుక మనిషి యెక్కినచో వెనుక గాలి పెంచవలెను గాని ముందు గాదు. ఆ బాలుని సైకిలునకు రెండింటను సమముగా బిగించిరి. మితిమీరి తగ్గించుటయు తప్పే. రిమ్ము రాతికి తగిలి ట్యూబునకు జంట రంధ్రములు పడును.

నమ్మనివారు మేము తొమ్మిదవ తరగతివారిచే చేయించిన పరీక్షను చేయవచ్చును. ఒకే బాలుడు, ఒకే కంకర పల్లము, తొక్కక దిగుట. మొదట 60 పౌనుల గాలితో, పిదప 40తో. ఆగినచోట గీత గీయుడు. మా పరీక్షలో మెత్తని టైరే దూరము పోయెను.

మీటరున్న పంపు ఒకటి వరండాలో నుంచితిమి. సోమవారము ప్రార్థనకు ముందు ఎవరైనను వచ్చి గాలి చూచుకొనవచ్చును. ఆ బాలుడే మొదట వచ్చుచున్నాడు.