4కె టీవీ కొన్నా బొమ్మ మసకగానే ఉందా? తప్పు టీవీది కాకపోవచ్చు!

పోయిన దసరా ఆఫర్లలో నల్గొండలో ఉంటున్న అమ్మానాన్నల కోసం 43 అంగుళాల 4కె టీవీ కొన్నా. డబ్బులు నావి కావు. రిటైర్ అయ్యాక నాన్న పక్కన పెట్టుకున్న వాటిలోంచి ఇచ్చారు. "నీకు ఈ ఫోన్లూ గీన్లూ బాగా తెలుసు కదరా, మంచిది చూసి తీసుకో" అన్నారు. వారం పాటు రివ్యూలు చదివి, స్పెసిఫికేషన్లు పోల్చి మరీ సెలెక్ట్ చేశా. టీవీ బిగించిన రోజు రాత్రి ఫోన్ చేస్తే నాన్న ఒకే ఒక్క మాటన్నారు: "ఏరా, మన పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుండేదిరా!"

వీడియో కాల్‌లో చూశాను. నిజమే. బొమ్మ మసకగా ఉంది, మొహాలు లావుగా సాగిపోయాయి, న్యూస్ ఛానల్‌లో కింద వచ్చే స్క్రోలింగ్ సగం కట్ అయింది. రిటర్న్ గడువు ఇంకా 5 రోజులే ఉంది. పంపించేద్దామా అనుకుంటూనే శనివారం బస్సెక్కా. రెండు గంటలు కూర్చుంటే అదే టీవీ, అదే బాక్స్, అదే గోడ... బొమ్మ మాత్రం మారిపోయింది. ఎక్కడెక్కడ ఏం తప్పు దొరికిందో వరసగా చెప్తా.

ముందు ఒక చిన్న లెక్క

4కె స్క్రీన్ మీద 3840 x 2160 పిక్సెళ్లు ఉంటాయి. అంటే దాదాపు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 x 1080, అందులో నాలుగో వంతు. మన మామూలు ఎస్‌డీ ఛానల్ మహా అయితే 720 x 576, అంటే సుమారు 4 లక్షల 15 వేలు. ఎస్‌డీ సిగ్నల్‌ని 4కె టీవీకి ఇస్తే ఒక్కో పిక్సెల్‌ని 20 పిక్సెళ్లుగా సాగదీయాలి. మిగతా 19 టీవీ ఊహించి నింపుకోవాల్సిందే. చిన్న డబ్బా టీవీలో ఈ సాగదీత ఉండదు కాబట్టే అందులో బాగున్నట్టు అనిపిస్తుంది. నాన్న చెప్పింది అబద్ధం కాదు!

చెరువు ఎంత పెద్దదైనా పొలానికి అందేది తూము వదిలినంతే. టీవీ సంగతీ అంతే. ఛానల్, బాక్స్, కేబుల్, పోర్ట్, సెట్టింగ్... వీటిలో ఏది తక్కువైతే మీకు కనిపించేది అంతే.

తప్పు 1: మూడు రంగుల వైర్

బిగించడానికి వచ్చినతను పాత టీవీకి ఉన్న పసుపు, ఎరుపు, తెలుపు వైర్నే తీసి కొత్త టీవీకి పెట్టేసి వెళ్లాడు. ఈ ఏవీ వైర్‌లో బొమ్మ ఎస్‌డీలోనే వస్తుంది, హెచ్‌డీ రానే రాదు. అదృష్టం కొద్దీ నాన్న దగ్గరున్నది హెచ్‌డీ బాక్సే. ఎస్‌డీవి స్టాక్ లేవని అప్పట్లో అదే ఇచ్చారట. వెనకాల హెచ్‌డీఎంఐ పోర్ట్ దుమ్ము పట్టి ఉంది. కేబుల్ మార్చగానే సగం మసక పోయింది.

తప్పు 2: బాక్స్ సెట్టింగ్, ఛానల్ నంబర్

హెచ్‌డీఎంఐ పెట్టినంత మాత్రాన పని అయిపోదు. బాక్స్ మెనూలో వీడియో అవుట్‌పుట్ అని ఒకటి ఉంటుంది. మా ఇంట్లో అది 576 దగ్గరే ఉండిపోయింది. దాన్ని 1080ఐ చేయండి, పిక్చర్ సైజ్ 16:9 పెట్టండి. సాగిన మొహాలు సర్దుకుంటాయి.

తర్వాత ఛానల్. ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమినీ... అన్నిటికీ ఎస్‌డీ ఒక నంబర్‌లో, హెచ్‌డీ ఇంకో నంబర్‌లో వస్తాయి. నాన్న ప్యాక్‌లో ఉన్నవన్నీ ఎస్‌డీవే. ఇంట్లో నిజంగా చూసేవి నాలుగైదు ఛానళ్లే కాబట్టి వాటికి మాత్రం హెచ్‌డీ తీసుకుని, ఎవరూ చూడనివి తీసేయించా.

ఓటీటీ చూసేవాళ్లు ప్లాన్ చెక్ చేసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె ప్రీమియం ప్లాన్‌లోనే వస్తుంది. దానికి 15 ఎంబీపీఎస్ స్పీడ్ కావాలని వాళ్లే చెప్తారు. రూటర్ అదే గదిలో ఉంటే వైఫై 5 గిగాహెర్ట్జ్‌కి కలపండి. అసలు ఎంత రిజల్యూషన్ వస్తోందో డౌటుంటే యూట్యూబ్ యాప్‌లో 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' ఆన్ చేసి చూడండి, నంబర్ అక్కడే కనిపిస్తుంది.

కేబుల్‌కి ఎంత పెట్టాలి?

సెట్‌టాప్ బాక్స్‌కి అయితే దాంతో వచ్చిన కేబుల్ చాలు. 4కె 60 హెర్ట్జ్ కావాలంటే 'ప్రీమియం హై స్పీడ్' (18 జీబీపీఎస్), ప్లేస్టేషన్ 5 లాంటి కన్సోల్‌లో 4కె 120 హెర్ట్జ్ ఆడాలంటే 'అల్ట్రా హై స్పీడ్' (48 జీబీపీఎస్) అని రాసున్నది తీసుకోండి. డిజిటల్ సిగ్నల్ వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే చుక్కలు పడటమో, బొమ్మ ఆగి ఆగి రావడమో జరుగుతుంది. బంగారు పూత ఉన్న కేబుల్‌తో రంగులు పెరుగుతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి.

రెండు విషయాలు మాత్రం మర్చిపోవద్దు. సౌండ్‌బార్‌ని ఏఆర్‌సీ అని రాసున్న పోర్ట్‌కే పెట్టాలి. కన్సోల్ పెట్టిన పోర్ట్‌కి టీవీ మెనూలో పూర్తి స్పీడ్ ఆన్ చేయాలి. సామ్‌సంగ్‌లో ఇది 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్' పేరుతో ఉంటుంది.

తప్పు 3: షోరూం రంగులు

మా టీవీ 'వివిడ్' మోడ్‌లో ఉంది. షోరూం లైట్లలో కంటికి కొట్టొచ్చినట్టు కనపడటానికి పనికొచ్చే మోడ్ ఇది. ఇంట్లో దీన్ని పెడితే తెలుపు నీలంగా, మొహాలు ప్లాస్టిక్‌లా ఉంటాయి. 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్ పెట్టండి. మొదటి రెండు రోజులు పసుపుగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక వివిడ్ చూడలేరు. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అది కొత్తగా వివరాలేమీ తేదు, అంచుల చుట్టూ తెల్ల గీతలు గీస్తుందంతే.

మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు కలిపితే పెద్ద సినిమా కూడా సీరియల్‌లా కనపడుతుంది. న్యూస్ స్క్రోలింగ్ కట్ అవుతుంటే అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ అంచులు కత్తిరించి చూపిస్తోంది. 'స్క్రీన్ ఫిట్' లేదా 'జస్ట్ స్కాన్' ఆన్ చేస్తే సరిపోతుంది.

నేను చేసిన తప్పు

ఇవన్నీ సెట్ చేశాక నా తప్పు బయటపడింది. నాన్న కుర్చీకీ టీవీకీ మధ్య 8 అడుగులు. మామూలు కంటిచూపుతో 43 అంగుళాల స్క్రీన్‌ని సుమారు ఐదున్నర అడుగులు దాటి చూస్తే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పెద్దగా తెలీదు. అంటే వారం రోజులు నేను పోల్చిన పిక్సెళ్లు ఆ కుర్చీ దాకా చేరనే లేదు! టేప్ పెట్టి గది కొలిచుంటే 55 అంగుళాలది తీసుకునేవాణ్ని, లేదా ఇదే సైజులో మంచి ఫుల్ హెచ్‌డీ తీసుకుని మిగిలిన డబ్బుతో సౌండ్‌బార్ కొనేవాణ్ని.

కొనేముందు ఈ సింపుల్ లెక్క వేసుకోండి. స్క్రీన్ సైజుని 1.6తో గుణిస్తే దూరం అంగుళాల్లో వస్తుంది. 43కి సుమారు 6 అడుగులు, 55కి ఏడున్నర లోపు, 65కి తొమ్మిది లోపు. కూర్చుంటే కళ్లు స్క్రీన్ మధ్యకి సూటిగా ఉండేలా బిగించండి. మరీ పైన పెడితే మెడ నొప్పే.

టీవీ రిటర్న్ చేయలేదు. ఆ రాత్రి నాన్న పాత సినిమా ఒకటి పెట్టుకుని, కాసేపాగి అమ్మని పిలిచారు. "చూడవే, చీర మీద అంచు కూడా కనపడుతోంది." నాతో మాత్రం ఏమీ అనలేదు. ఈసారి మీ ఇంటికి టీవీ వస్తే బిగించేవాళ్లు వచ్చే రోజు మీరూ పక్కనే ఉండండి. వాళ్లు వెళ్లేలోపు ఒక్కటి చూడండి చాలు: వెనకాల పెట్టింది ఏ వైరో!