ట్రాక్టరు ముక్కు, ట్రాక్టరు బెల్టు

మనలో చాలామంది నాయనలు, అన్నలు ట్రాక్టర్ల మీదనో జీపుల మీదనో పనికి పోతారు. సెలవుల్లో మనమూ ట్రాలీ ఎక్కి తిరుగుతాం. కానీ బానెట్ కింద ఏముందని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. అందుకని రెండు చిన్న వస్తువుల సంగతి రాస్తున్నాను. ఒకటి ఎయిర్ క్లీనరు, రెండోది ఫ్యాన్ బెల్టు. వీటిని పట్టించుకోకపోతే ఇంజను బోరుకొస్తుంది. అప్పుడు బండిని ప్రొద్దుటూరు షెడ్డులో దినాలకొద్దీ నిలబెట్టాల్సిందే. ఓనరుకు బాడుగ పోతుంది, డ్రైవరుకు కూలి పోతుంది. తిట్లు మాత్రం క్లీనరు పిల్లోనికి!

ఇంజను డీజిలు తాగుతుందని అందరికీ తెలుసు. దానికి గాలి అంతకంటే ఎన్నోరెట్లు కావాలి. ఒక లీటరు డీజిలు మండాలంటే సుమారు 10,000 లీటర్ల గాలి లోపలికి పోవాలి. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 50 అన్నమాట. ఆ గాలి ఎట్లాంటిదో చూడండి. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో ఎండాకాలం దున్నితే లేచిన దుమ్ములో ట్రాక్టరే కనపడదు. పులివెందుల వైపు శెనక్కాయ చేలల్లో ఎర్రదుమ్ము. నాపరాయి గనుల దారుల్లో రాతిపొడి. మట్టిదుమ్ములో కంటికి ఆనని ఇసుక రేణువులుంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోహ్స్ కొలతలో 7. లైనరుకు వాడే పోత ఇనుము అంతకంటే మెత్తన. రేణువులు పిస్టను రింగులకూ లైనరుకూ నడుమ పడితే సానరాయి మాదిరి అరగదీస్తాయి. ఆ తర్వాత ఇంజను ఆయిలు తాగుతుంది, నీలంపొగ వదులుతుంది.

దుమ్మును ఆపే ముక్కే ఎయిర్ క్లీనరు. పాత ట్రాక్టర్లలో, జీపుల్లో ఎక్కువగా ఉండేది ఆయిల్ బాత్ రకం. గాలి గొట్టం గుండా కిందికి దిగి, గిన్నెలోని ఆయిలు దగ్గర గిర్రున పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము అంత తొందరగా తిరగలేక ఆయిల్లో పడిపోతుంది. మిగిలిన సన్న దుమ్మును పైనున్న తీగల జాలీ పట్టుకుంటుంది. దుమ్ములో పనిచేసే దినాల్లో ఈ గిన్నెను రోజూ విప్పి చూడాల. అడుగున బురద పేరుకునింటే ఆయిలు పారబోసి, గిన్నెనూ జాలీనీ డీజిలుతో కడిగి, బాగా కారనిచ్చి, గుర్తు వరకు కొత్త ఆయిలు పోయాల. పెట్రోలుతో కడగరాదు, నిప్పంటుకుంటుంది. గుర్తు దాటి పోసినా మోసమే, ఇంజను ఆ ఆయిలును పీల్చుకుంటుంది. క్లీనరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా పైన చేసిన సేవంతా దండగ. కొంతమంది ఇంత చూసి ఆ గొట్టాన్ని మాత్రం చూడరు!

ఇప్పటి బండ్లలో కాగితపు ఫిల్టర్లు వస్తున్నాయి. వాటిని డీజిలుతో కడగరాదు. మెల్లగా తట్టాల, లేదంటే లోపలి వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాల. చిరిగింటే మార్చడమే. ఫిల్టరు మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది.

ఇక బెల్టు. ఇది ఫ్యానునూ, నీళ్ల పంపునూ, డైనమోనూ తిప్పుతుంది. దీని అడుగు సన్నం, పైభాగం వెడల్పు. పుల్లీ గాడిలో రెండు పక్కల ఒరుసుకుని పట్టు దొరుకుతుంది గానీ అడుగుభాగంతో కాదు. అరిగి అడుగు ఆనిందంటే జారుతుంది. కీచుమని అరుస్తుంది, ఇంజను వేడెక్కుతుంది, బ్యాటరీ చార్జి కాదు. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాల. వదులుగా ఉంటే డైనమో బోల్టులు సడలించి, బయటికి జరిపి బిగించాల. మరీ బిర్రుగా బిగిస్తే పంపు బేరింగులు పోతాయి. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది కాబట్టి కొన్ని గంటల పని తర్వాత మళ్లీ చూడాల. ఆయిలు, గ్రీజు తగలనీయరాదు.

ఇవన్నీ ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకనే. తిరిగే బెల్టుకు చేయి పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నూర్పిడి మిషన్ల దగ్గర ఆయిల్ ఇంజనుకు పొడుగాటి పట్టా బెల్టు వేస్తారు, దానికి కంచె గూడా ఉండదు. అక్కడికి తువ్వాలు మెడలో వేసుకుని పోవద్దు. అక్కచెల్లెళ్లు జడ ముడి వేసుకుని, కొంగు దోపుకుని పోవాల.