తెరవగానే పాట మోగకూడదు

సంగీత చికిత్స కేంద్రానికి వెబ్‌సైట్ తయారు చేయమంటే చాలామందికి మొదట తట్టే ఆలోచన ఒకటే. పేజీ తెరవగానే ఒక మంచి రాగం వినిపించాలి, వీణో వేణువో మోగాలి. నిజానికి చేయకూడని పని అదే.

ఆ పేజీని ఎవరు తెరుస్తారో ఊహించండి. షార్జాలో ఒక చిన్న ఫ్లాట్. రాత్రి పదకొండు గంటలు. నాలుగేళ్ల బాబు ఇప్పుడే నిద్రపోయాడు. వాడికి ఆటిజం ఉందని డాక్టరు చెప్పి నెల కూడా కాలేదు. తల్లి వాడి పక్కనే పడుకుని ఫోన్‌లో వెతుకుతోంది. అప్పుడు ఫోన్ గట్టిగా మోగితే? ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది హఠాత్తుగా వచ్చే శబ్దాన్ని తట్టుకోలేరు. పాట పాడాలి గానీ, నిద్ర పాడు చేయకూడదు. తెలుగు నేర్చుకుంటున్నవారు ఈ రెండు ‘పాడు’లనూ గమనించండి. మొదటిది గానం, రెండోది చెరుపు.

ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ ఈ విషయం స్పష్టంగా చెప్పింది. దానంతట అదే మోగే శబ్దం 3 సెకన్లు దాటితే, దాన్ని ఆపే వీలు ఉండాలి. పాట ఉండవచ్చు. కానీ చూసేవారు వేలితో నొక్కితేనే మోగాలి.

మరి మొదటి పేజీలో ఏముండాలి? ఆ తల్లి మనసులో ఉన్న ప్రశ్నలకు జవాబులు ఉండాలి. మీరు ఎవరు? ఏం చదివారు? మీకు లైసెన్సు ఉందా? ఒక్కసారికి ఎన్ని నిమిషాలు, ఎన్ని దిర్హాములు? బీమా వర్తిస్తుందా? మెట్రో దిగి నడిచి రావచ్చా?

యూఏఈలో ఏడు ఎమిరేట్లు ఉన్నాయి. ఆరోగ్య సేవల లైసెన్సులు అన్ని చోట్లా ఒకే సంస్థ ఇవ్వదు. దుబాయ్‌లో దుబాయ్ హెల్త్ అథారిటీ ఉంది. అబుదాబికి సొంత ఆరోగ్య శాఖ ఉంది. కాబట్టి లైసెన్సు ఎవరిచ్చారో, అందులో వృత్తి పేరు ఏమని ఉందో, అదే రాయాలి. ఆరోగ్య సేవల ప్రకటనలకు ముందుగా అనుమతి తీసుకోవాలి.

పనివేళలు కూడా వివరంగా చెప్పాలి. 2022 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం రోజు పని. షార్జాలో మాత్రం శుక్రవారం కూడా పూర్తి సెలవే. రంజాన్ నెలలో వేళలు మారతాయి. ఇంకో చిన్న సంగతి. అక్కడ వాట్సాప్‌లో సందేశాలు వెళతాయి, కానీ వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచేయవు. అందుకే మామూలు ఫోన్ నంబరు తప్పకుండా ఇవ్వాలి.

ఇక మాటలు. అక్కడ 2017 నుంచి వైకల్యం ఉన్నవారిని ప్రభుత్వం ‘అస్‌హాబ్ అల్ హిమమ్’ అంటోంది. అంటే పట్టుదల గలవారు. పేజీలో ఆ గౌరవం కనిపించాలి. అలాగే, నిజం కూడా కనిపించాలి. ఈ రాగం ఈ రోగాన్ని తగ్గిస్తుందని చెప్పే జాబితాలు మనవాళ్ల ఫోన్లలో చాలా తిరుగుతాయి. సంగీత చికిత్స అలాంటిది కాదు. శిక్షణ పొందిన మనిషి, ఒక లక్ష్యం పెట్టుకుని, ఎదుటి మనిషితో కలిసి పాడుతూ, వాయిస్తూ చేసే పని అది.

దాని ఫలితాలను కూడా ఉన్నంతవరకే చెప్పాలి. 2017లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 9 దేశాల్లో ఆటిజం ఉన్న 364 మంది పిల్లలు అందులో పాల్గొన్నారు. ఐదు నెలల తర్వాత చూస్తే, సంగీత చికిత్స వల్ల లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో కాక్రేన్ సంస్థ 26 అధ్యయనాలను కలిపి చూసింది. మొత్తం మీద మెరుగుదల, జీవన నాణ్యత వంటి విషయాల్లో మేలు ఉండవచ్చని తేల్చింది. ఈ రెండూ పక్కపక్కన రాసే వెబ్‌సైట్‌ను ఆ తల్లి నమ్మవచ్చు. ‘నయం చేస్తాం’ అని రాసేదాన్ని నమ్మకూడదు.

పిల్లల వీడియోలు పెట్టడం కూడా మంచిది కాదు. ఏడ్చిన బాబు పాట వినగానే నవ్వాడు అని చూపించడం తేలిక. కానీ ఆ బాబు పెద్దవాడయ్యాక కూడా ఆ వీడియో అక్కడే ఉంటుంది. ఆరోగ్య వివరాలను కాపాడేందుకు యూఏఈలో 2019 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. ఖాళీ గది, వాయిద్యాలు, కూర్చునే చాప చూపిస్తే చాలు. రాబోయే పిల్లవాడికి ఆ ఫోటోలు ముందే చూపించవచ్చు. కొత్త చోటంటే భయం కొంత తగ్గుతుంది.

భాషల సంగతి ఇంకా ముఖ్యం. అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కాబట్టి అరబిక్ పేజీలో బొమ్మలు, బటన్లు కూడా అటు తిరగాలి. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వరుసల మధ్య చోటు ఎక్కువ వదలాలి. లేకపోతే ఒత్తు వెళ్లి కింది వరుస గుడిని తగులుతుంది. తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు గల్ఫ్‌లోనూ ఉన్నారు, మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల కోసం ఒక నిమిషం తెలుగు మాట రికార్డు చేసి, ఒక బటన్ కింద పెట్టాలి. శబ్దానికి సరైన చోటు అదే.

అన్నిటికంటే విలువైన వాక్యం ఒకటుంది: ‘మేము ఈ భాషల్లో పాడతాం.’ ఎందుకంటే మాట పోయినా పాట మిగులుతుంది. పక్షవాతం వల్ల మాట పడిపోయినవారిలో కొందరు పాటలోని పదాలను పలకగలరు. ఈ సంగతి ఆధారంగానే 1973లో అమెరికాలో, బోస్టన్ నగరంలో, పాటలాంటి రాగంతో మాటలు నేర్పే పద్ధతి ఒకటి మొదలైంది.

మన కుటుంబాలకు ఈ సంగతి వేరే దారిలో తెలుసు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి నాటాల్ చేరింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి వెళ్లాయి. ఆ ఓడలెక్కిన తెలుగువారి మునిమనవళ్లలో చాలామందికి ఈరోజు తెలుగులో మాట్లాడటం కష్టం. కానీ భజన మొదలైతే గొంతు కలుపుతారు. మారిషస్‌లో రామభజనం ఇంకా సాగుతోంది. గల్ఫ్‌లో పుట్టి, బడిలో ఇంగ్లీషు, అరబిక్ నేర్చే తెలుగు పిల్లలకూ అమ్మ పాడిన జోలపాటే మొదటి తెలుగు.

అందుకే ఆ వెబ్‌సైట్‌లో నింపే ఫారంలో ఒక గడి ఉండాలి: ‘మీ ఇంట్లో ఏ పాటలు పాడతారు?’ థెరపిస్టుకు తెలుగు రాకపోయినా, ఆ పాట నేర్చుకోవచ్చు. మరి మీరైతే ఆ గడిలో ఏం రాస్తారు? తెలియకపోతే, నాయనమ్మనో అమ్మమ్మనో ఈ వారమే అడగండి. వాళ్లు పాడుతుంటే రాసుకోండి, తప్పులున్నా ఫరవాలేదు.