క్లెయిమ్ వచ్చిందంటే తప్పు చేసినట్టేనా?

2012 ఆగస్టు 6. మన గడియారాల్లో ఉదయం పదకొండు దాటిన వేళ క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగింది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో శాస్త్రవేత్తలు కేకలు వేస్తూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ దృశ్యాలను నాసా తన యూట్యూబ్ ఛానల్లో పెట్టింది. కాసేపటికే వీడియో ఆగిపోయింది. ఇందులోని దృశ్యాలు స్క్రిప్స్ లోకల్ న్యూస్ అనే వార్తాసంస్థవి కాబట్టి కాపీరైట్ కింద ఆపేశామని అక్కడ నోటీసు కనిపించింది.

తీసింది నాసా, పెట్టింది నాసా ఛానల్లో. పైగా అమెరికా ప్రభుత్వ సంస్థగా నాసా తీసే దృశ్యాలకు అక్కడి చట్టం ప్రకారం కాపీరైటే వర్తించదు. క్లెయిమ్ పొరపాటున వచ్చిందని తేలి వీడియో తిరిగి వచ్చింది, ఆ వార్తాసంస్థ క్షమాపణ చెప్పింది. నాసా అంతటి సంస్థ కాబట్టి విషయం వెంటనే పైకి వచ్చింది. అదే నోటీసు మన ఊళ్లో వంటల ఛానల్ నడుపుకునే గృహిణికో, పద్యాలు చదివి పెట్టే రిటైర్డ్ మాస్టారికో వస్తే? చాలామంది చేసే పని ఒక్కటే. భయపడి వీడియో తీసేస్తారు.

ఆ భయం పోవాలంటే ముందు రెండు మాటల మధ్య తేడా తెలియాలి. ఒకటి క్లెయిమ్, రెండోది స్ట్రైక్. క్లెయిమ్ వీడియోకే పరిమితం. సాధారణంగా వీడియో అలాగే ఉంటుంది, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు మాత్రం హక్కుదారుకు వెళుతుంది. కొన్నిసార్లు వీడియోను ఆపేస్తారు. స్ట్రైక్ పడేది ఛానల్ మీద. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు నోటీసు ఇచ్చినప్పుడే అది పడుతుంది. తొంభై రోజుల వ్యవధిలో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోయే ప్రమాదం ఉంది.

ఈ ఏర్పాటుకు మూలం అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం. జనం పెట్టే ప్రతి వీడియోకూ వెబ్‌సైటు ముందే పూచీ పడలేదు కనుక, హక్కుదారు నోటీసు ఇచ్చిన వెంటనే తొలగిస్తే వెబ్‌సైటుకు రక్షణ ఉంటుందన్నది దాని సారాంశం. 2007 మార్చిలో వయాకామ్ సంస్థ తన కార్యక్రమాలను యూట్యూబ్‌లో ఇష్టారాజ్యంగా పెడుతున్నారంటూ వంద కోట్ల డాలర్లకు దావా వేసినప్పుడు యూట్యూబ్‌ను కాపాడింది ఆ రక్షణే. ఆ కేసు ఏడేళ్లు నడిచి 2014లో రాజీతో ముగిసింది. దావా పడిన ఏడాదే యూట్యూబ్ కంటెంట్ ఐడీ అనే యంత్ర వ్యవస్థను తెచ్చింది.

ఇప్పుడు వచ్చే క్లెయిములు దాదాపు అన్నీ ఆ యంత్రానివే. సినిమా కంపెనీలు, ఆడియో కంపెనీలు తమ పాటలను, దృశ్యాలను ముందుగా అందులో నమోదు చేస్తాయి. యంత్రం వాటికి వేలిముద్రల్లాంటి గుర్తులు తయారు చేసుకుంటుంది. కొత్తగా ఏ వీడియో ఎక్కినా వాటితో పోలుస్తుంది. అచ్చు రికార్డింగునే కాదు, బాణీ పోలికను కూడా పట్టగలదు. పోలికను పట్టడం వరకే దాని పని. ఆ పాటను విమర్శ కోసం వాడారా, అనుమతి తీసుకుని వాడారా, అసలు అది ఎవరి సొత్తూ కాని పాతకాలపు రచనా అన్నది దానికి తెలియదు.

అందుకే వింతలు జరుగుతుంటాయి. ఆస్ట్రేలియా సంగీతకారుడు సెబాస్టియన్ టోమ్‌చాక్ తానే తయారు చేసిన పది గంటల ‘వైట్ నాయిస్’ను, అంటే స్టేషన్ దొరకని రేడియో గరగరలాంటి శబ్దాన్ని, యూట్యూబ్‌లో పెట్టాడు. దాని మీద ఐదు క్లెయిములు వచ్చాయని 2018 జనవరిలో బయటపెట్టాడు. అదే ఏడాది బ్రిటిష్ పియానో విద్వాంసుడు జేమ్స్ రోడ్స్ తన ఇంట్లో బాఖ్ సంగీతం వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు తమవని సోనీ మ్యూజిక్ పేరుతో క్లెయిమ్ వచ్చింది. బాఖ్ చనిపోయింది 1750లో.

ఇవి పొరపాట్లు. యూట్యూబ్ కంటెంట్ ఐడీతో నిలువు దోపిడీ చేసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని అరిజోనాలో ఇద్దరు వ్యక్తులు తమవి కాని యాభై వేలకు పైగా పాటలను తమవేనని చెప్పి, వాటి మీద వచ్చే రాయల్టీని ఏళ్ల తరబడి తీసుకున్నారు. కొల్లగొట్టిన మొత్తం రెండు కోట్ల డాలర్ల పైమాటే. నష్టపోయినవారిలో ఎక్కువమంది లాటిన్ సంగీత కళాకారులు. నేరం ఒప్పుకున్న ఆ ఇద్దరికీ 2023లో జైలుశిక్షలు పడ్డాయి.

యూట్యూబ్ స్వయంగా ప్రకటించిన లెక్క ఒకటి ప్రతి ఛానల్‌దారూ గుర్తుంచుకోదగ్గది. 2021 తొలి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ ద్వారా 72 కోట్లకు పైగా క్లెయిములు వచ్చాయి. వాటిలో అప్‌లోడ్ చేసినవారు అభ్యంతరం చెప్పినవి ఒక శాతం లోపే. అలా చెప్పినవాటిలో 60 శాతం వారికే అనుకూలంగా తేలాయి. అంటే ఆ ఆరు నెలల్లోనే 22 లక్షల క్లెయిములు వీగిపోయాయి. నోరు మెదపనివారిలో ఇంకెందరికి న్యాయం దక్కేదో!

అడిగినవారిలో అందరికంటే గట్టిగా నిలబడింది పెన్సిల్వేనియాకు చెందిన స్టెఫనీ లెంజ్ అనే తల్లి. వంటింట్లో ప్రిన్స్ పాట మోగుతుంటే, ఏడాది దాటిన ఆమె కొడుకు తోపుడు బండి పట్టుకుని ఊగుతున్నాడు. 29 సెకన్ల వీడియో తీసి 2007లో యూట్యూబ్‌లో పెట్టింది. పాట సరిగ్గా వినిపించదు కూడా. యూనివర్సల్ మ్యూజిక్ నోటీసు ఇచ్చి దాన్ని తీయించింది. ఆమె తొలగింపు తప్పంటూ ఎదురు నోటీసు ఇచ్చి వీడియోను తెప్పించుకుంది. అక్కడితో ఆగకుండా కోర్టుకెక్కింది. నోటీసు పంపేముందు అది చట్టం ఒప్పుకున్న న్యాయమైన వాడకమేమో హక్కుదారు ఆలోచించి తీరాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. కేసు 2018లో రాజీతో ముగిసింది.

మన దేశంలో ఏముంది? 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత అధ్యయనానికి, విమర్శకు, సమీక్షకు, వర్తమాన ఘటనల వార్తలకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. హక్కుదారు ఫిర్యాదు చేస్తే వెబ్‌సైటు 36 గంటల్లో తొలగించాలి. 21 రోజుల్లోగా హక్కుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టవచ్చు. ఇది 2013 కాపీరైట్ నియమాల్లో ఉంది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరించేవారి మీద కోర్టుకు వెళ్లే హక్కును 60వ సెక్షన్ ఇస్తోంది. యూట్యూబ్ రోజువారీ పద్ధతి మాత్రం అమెరికా నమూనాలోనే నడుస్తుంది.

2025 మేలో ఈ గొడవ మన దేశంలో పెద్ద చర్చే అయింది. కొన్ని సెకన్ల క్లిప్పులకు స్ట్రైకులు వేసి, వాటిని వెనక్కి తీసుకోవాలంటే లక్షల్లో రుసుం కట్టమంటున్నారని కొందరు యూట్యూబర్లు ఏఎన్ఐ వార్తాసంస్థపై ఆరోపించారు. తన హక్కులను చట్టప్రకారమే కాపాడుకుంటున్నానని ఆ సంస్థ అంది. వివాదం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది.

తెలుగువారి ఛానళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కు అన్నమయ్య కీర్తన. ఆయన పరమపదించింది 1503లో. రచయిత మరణించాక అరవై ఏళ్ల వరకే హక్కు ఉంటుంది కాబట్టి సాహిత్యం అందరిదీ. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో మరణించారు. ఆయన కట్టిన బాణీకి 2039 చివరి దాకా హక్కు ఉంటుంది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025లో కన్నుమూశారు. ఆయన బాణీలకు 2085 దాకా రక్షణ ఉంది. వాటిని ఎవరైనా పాడి రికార్డు చేస్తే, విడుదలైన నాటి నుంచి ఆ రికార్డింగుకు విడిగా అరవై ఏళ్ల హక్కు వస్తుంది.

కాబట్టి మీ మనవరాలు అలాంటి బాణీలో కీర్తనను సొంత గొంతుతో పాడినా బాణీ హక్కుదారు అడిగే వీలుంది. క్యాసెట్ పాటను వెనక పెట్టుకుని పాడితే రికార్డింగు హక్కుదారు కూడా అడుగుతాడు. అదే 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామి కృతిని ఆయన సంప్రదాయంలో వచ్చిన బాణీలో సొంతంగా పాడితే, సాహిత్యం మీద, బాణీ మీద ఎవరికీ హక్కు లేదు. అయినా క్లెయిమ్ వస్తే ధైర్యంగా అభ్యంతరం చెప్పవచ్చు.

హక్కులున్నవారి కష్టాన్ని కూడా మరవకూడదు. సినిమా పాటలో గీత రచయిత మాట, స్వరకర్త బాణీ, కంపెనీ రికార్డింగు మూడూ వేర్వేరు హక్కులు. ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అని కింద రాసినంత మాత్రాన రక్షణ రాదు. పదిహేను సెకన్లు వాడుకోవచ్చన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ‘క్రెడిట్స్’లో పేరు వేయడం మర్యాదే తప్ప అనుమతి కాదు. ఇంకొకరి పాటను మొత్తంగా ఎత్తిపెట్టినవారికి వచ్చే క్లెయిమ్ న్యాయమైనదే.

అందుకని క్లెయిమ్ వస్తే ముందు అందులో ఉన్నదేమిటో చదవండి: ఏ నిమిషం, ఏ పాట, ఎవరి పేరు. సంగీతం కొన్నప్పటి లైసెన్సు, రసీదు, అనుమతి మెయిళ్లు, మీ అసలు రికార్డింగు ఫైళ్లు దాచి ఉంచండి. తప్పు మీదైతే ఆ ముక్క తీసేయండి. కాకపోతే అభ్యంతరం నమోదు చేయండి. స్ట్రైక్ పడి ఎదురు నోటీసు ఇవ్వాల్సి వస్తే మీ పేరు, చిరునామా అవతలివారికి అందుతాయి, అది చట్టపరమైన పత్రం కూడా. అక్కడ మాత్రం వకీలును అడిగి అడుగు వేయండి. మామూలు క్లెయిముకు అంత అవసరం లేదు. మీరు అభ్యంతరం చెప్పిన రోజు నుంచి జవాబు ఇవ్వాల్సింది అవతలివారే. ముప్పై రోజుల్లో వాళ్లు బదులివ్వకపోతే క్లెయిమ్ దానంతటదే రద్దవుతుంది.